దేవకుమారి విన్న బియ్యం

ఎసట్లో బియ్యం పోసే ముందు దేవకుమారి ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న చిన్న డబ్బాలో వేస్తుంది. ఆ పిడికెడు తూకం యాభై రెండు గ్రాములు. ఆమె తమ్ముడి కూతురు సింధు ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి చెప్పేదాకా ఆ లెక్క ఆమెకు తెలియదు. అప్పటికి ఆమెకు యాభై నాలుగేళ్ళు. పిడికెడు తియ్యడం మొదలుపెట్టి ముప్ఫై రెండేళ్ళు.

ఆమె కాపురం బాపట్ల జిల్లా నగరం మండలంలో, రేపల్లె రోడ్డుకు రెండు కిలోమీటర్లు లోపలగా ఉన్న ఊళ్ళో. అక్కడి లూథరన్ చర్చికి చెందిన ముప్ఫై ఎనిమిది ఇళ్ళలోనూ ఇదే అలవాటు. ఆదివారం ఆరాధన ముగిశాక ఆడవాళ్ళు వరసలో వచ్చి, వారమంతా పోగైన బియ్యాన్ని చర్చి పక్కగదిలోని రేకు డ్రమ్ములో పోస్తారు. వండుకునే ఓపిక లేని పందొమ్మిది మంది ముసలివాళ్ళకు వారంలో అయిదు రోజులు మధ్యాహ్నం అన్నం ఆ బియ్యంతోనే. డ్రమ్ము ఎత్తు డెబ్భై అయిదు సెంటీమీటర్లు. నూట ఇరవై కిలోలు పడుతుంది. 1998లో తెనాలిలో చేయించారు. 2002 నుంచి దాని బాధ్యత దేవకుమారిది. అంతకు ముందు ఆమె అత్తగారిది.

దేవకుమారి పుట్టింది కొలకలూరులో. తండ్రి తెనాలి రైసుమిల్లులో ఫిట్టరు. యంత్రం నడుస్తుండగా ఆయన స్క్రూడ్రైవరు కొనను బేరింగు మీద ఆనించి, కర్ర పిడిని చెవి ముందున్న ఎముకకు నొక్కి వినేవాడు. ఏ బంతి అరిగిందో చెప్పేవాడు. ఏడేళ్ళ వయసులో ఆమె కూడా అలా ఒకసారి విన్నది. బయట అంత రొద చేసే యంత్రం లోపల అంత సన్నని శబ్దాలు ఉన్నాయని ఆశ్చర్యపడింది. ఆ తరువాత నలభై ఏడేళ్ళలో ఆమెకు అటువంటి ఆశ్చర్యం మళ్ళీ కలగలేదు. ఇది ఆమె మాటే.

డ్రమ్ముకు ఏటా ఎంతో కొంత పురుగు పట్టేది. దేవకుమారి వేపాకు వేసేది, ఎండుమిరపకాయలు వేసేది. నెలకొకసారి, చివరి శనివారం, బియ్యాన్ని దుప్పట్ల మీద ఎండబోసి చెరిగేది. 2025 ఏప్రిల్‌కు అవేవీ పనిచెయ్యడం మానేశాయి. మూత తీస్తే పైన మూడు మిల్లీమీటర్ల గోధుమరంగు ముక్కు పురుగులు గుంపులుగా తిరుగుతుండేవి.

మట్టల ఆదివారం నాడు, ఏప్రిల్ పదమూడున, వరసలో అందరికన్నా చివర నిలబడింది అన్నమ్మ. అరవై మూడేళ్ళ మనిషి. కాలవ గట్టు మీద చివరి ఇల్లు ఆమెది కాబట్టి రావడమూ చివరే, పొయ్యడమూ చివరే. భర్త పోయాడు, పిల్లలు లేరు, ఇప్పటికీ నాట్లకూ కలుపుకూ వెళుతుంది. తినేవాళ్ళ పట్టికలో ఇరవయ్యో పేరుగా చేరమని పాస్టరు శాలేమురాజుగారు రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ ఆమె, "నేను పోసే వరసలో నిలబడతానండి అయ్యగారూ, పళ్ళెం పట్టుకునే వరసలో కాదు," అని చెప్పింది.

ఆమె బియ్యం పోసి సంచి దులిపింది. పక్కనే ఉన్న జ్యోత్స్న డ్రమ్ములోకి తొంగి చూసింది. జ్యోత్స్న అంగన్‌వాడీ టీచరు, గొంతు పెద్దది.

"పిన్నీ, ఇంత దూరం సంచి మోసుకు రావడం ఎందుకు? నీ బియ్యం వాటంతటవే నడిచొచ్చేట్టున్నాయి!"

నలుగురు నవ్వారు.

"మా ఇంట్లో నడవలేదమ్మా," అంది అన్నమ్మ. "ఇక్కడికొచ్చాకే కాళ్ళొచ్చినట్టున్నాయి."

"స్టోరు బియ్యం పిన్నీ అవి. చూస్తే తెలియట్లా?"

నిజమే, చూస్తే తెలుస్తుంది. రేషను బియ్యంలో నూటికొకటి చొప్పున కలిపే పోషకాల గింజ కాస్త వేరే తెలుపులో ఉంటుంది. పురుగులు పాకుతున్నది ఆ గింజల మధ్యనే. అందరి కళ్ళూ ఒకే చోట ఆగాయి. ఊళ్ళో రేషను బియ్యం తెచ్చే ఇళ్ళు ఇంకా ఉన్నాయని, వాటిలో తన ఇల్లు ఒకటని దేవకుమారికి తెలుసు. ఆమె ఆ మాట అనలేదు. అందరూ వెళ్ళాక అన్నమ్మను వసారాలో ఆపి, మెల్లగా, "వదినా, ఎండలు తగ్గేదాకా బియ్యం తేవద్దులే. ఊరికే వచ్చి వెళ్ళు," అంది.

"ఊరికే వచ్చి వెళ్ళడానికి ఇదేమన్నా బస్టాండా?"

అన్నమ్మ వసారా మెట్లు దిగి వెళ్ళింది. వారం తరువాత వచ్చిన ఈస్టరుకు రాలేదు. ఆ తరువాతి మూడు ఆదివారాలూ రాలేదు. డ్రమ్ములో పురుగు మాత్రం తగ్గలేదు. అన్నమ్మ బియ్యం ఆపినా పురుగు ఆగలేదన్న సంగతి దేవకుమారిని నిద్రపోనివ్వలేదు. తప్పు ఆమెది కాకపోతే, చర్చిలో ఆమెకు మిగిలిన ఒక్క చోటునూ తాను ఊరికే తీసేసినట్టు.

సింధు బాపట్లలో పిహెచ్.డి. చేస్తోంది. నిల్వ గింజల లోపల దాగిన పురుగును శబ్దంతో పట్టడం ఆమె పరిశోధన. మే నెల పద్నాలుగున, బుధవారం, చెరుకుపల్లి మీదుగా బస్సులో దిగింది. భుజాన సంచి, చేతిలో గుడ్డ చుట్టిన ఉక్కు కడ్డీ.

"ఏంటే కోడలు పిల్లా, గునపం తెచ్చావు? అత్త మీద అంత కోపమా?"

"గునపం కాదత్తా, చెవి. తెనాలిలో లేతు పట్టించాను."

కడ్డీ ఎనభై సెంటీమీటర్లు, ఆరు మిల్లీమీటర్ల మందం. దాని పైకొనకు పది రూపాయల బిళ్ళంత పలుచటి లోహపు చక్రం అతికించి ఉంది. కడ్డీలో ఏ కొద్ది కంపనం వచ్చినా ఆ చక్రంలో విద్యుత్తు పుడుతుంది. ఆ విద్యుత్తును పెంచే సర్క్యూటు ఒక స్టీలు టిఫిన్ డబ్బాలో, అక్కణ్ణుంచి తీగ హెడ్‌ఫోన్స్‌కు. కడ్డీ చుట్టూ పది పన్నెండు సెంటీమీటర్ల మేర జరిగేది మాత్రమే అది వినగలదు. దేవకుమారికి ఎక్కువ చెప్పనక్కరలేకపోయింది. "మా నాన్న స్క్రూడ్రైవరు," అంది.

మధ్యాహ్నం రెండింటికి ఊరు పడుకున్నాక పక్కగది తలుపులు మూశారు. ఫ్యాను ఆపేశారు. ఉక్కపోతలో ఇద్దరికీ చెమటలు కారుతున్నాయి. సింధు కడ్డీని మొదట పైపొరలోకి పది సెంటీమీటర్లు దించి, నిమిషం పాటు లెక్కపెట్టింది. తొమ్మిది శబ్దాలు. నలభై దగ్గర పద్నాలుగు. ఆ తరువాత కడ్డీని అడుగు తగిలేదాకా దించింది. లెక్కపెట్టబోయి మానేసి, హెడ్‌ఫోన్స్ తీసి మేనత్త చెవులకు పెట్టింది.

మొదట గాలి హోరు లాంటిది వినిపించింది. దాని వెనక ఒక చిటుకు. మరొకటి. ఆ తరువాత విడివిడిగా కాదు, ఒకదాని మీదొకటిగా, దగ్గరా దూరమూ తెలుస్తూ, ఎడతెగకుండా.

"ఏమన్నా వినపడుతోందా అత్తా?"

దేవకుమారి మాట్లాడవద్దని చెయ్యి ఎత్తింది. కాసేపాగి, "ఎవరో చాలా దూరాన అప్పడాలు విరుస్తున్నారే," అంది.

"ఎంతమంది?"

"ఎంతమంది ఏంటి. ఊరంతా."

ఆమె హెడ్‌ఫోన్స్ తీసింది. గదిలో ఏ చప్పుడూ లేదు. పైన తిరిగే పురుగులు తప్ప, డ్రమ్ములో బియ్యం తెల్లగా, కదలకుండా ఉంది. మళ్ళీ పెట్టుకుంది. ఊరంతా మళ్ళీ తింటోంది. అలా నాలుగుసార్లు చేసింది. ఇరవై మూడేళ్ళుగా తాను చేత్తో తాకుతూ, కొలుస్తూ, పోస్తూ వచ్చినది వేరు, ఇది వేరు అని ఆమెకు అనిపించింది. ఒంటి మీద రోమాలు లేచి ఉండడం సింధు గమనించింది.

"పైన కనపడేవి పెద్ద పురుగులు," అంది సింధు. "ఇవి పిల్లలు. గింజకు తల్లి ముక్కుతో సూదిబెజ్జమంత కన్నం చేసి, గుడ్డు పెట్టి, బంకతో మూసేస్తుంది. పిల్ల లోపలే పుట్టి, లోపలే తిని, లోపలే పెద్దదై ముప్ఫై అయిదు రోజులకు బయటికొస్తుంది. అప్పటిదాకా గింజ మంచి గింజలాగే ఉంటుంది."

"ఇవి ఎవరింటి నుంచి వచ్చాయో నీ కడ్డీ చెప్తుందా?"

"డ్రమ్ములో చెప్పదు. అందరివీ కలిసిపోయాయిగా. ఇంటింటి బియ్యం విడిగా వినాలి."

ఆ సాయంత్రమే దేవకుమారి గాజు గ్లాసులు తీసుకుని బయలుదేరింది. ముప్ఫై ఏడు ఇళ్ళు ఇచ్చాయి. ముప్ఫై ఎనిమిదో ఇల్లు కాలవ గట్టు మీద ఉంది. అన్నమ్మ గుమ్మంలోనే నిలబడి మొత్తం విన్నది.

"చర్చికి పనికిరాని బియ్యం పరీక్షకు పనికొస్తాయా దేవమ్మా?"

"నేను తప్పు మాట్లాడానేమో అని భయంగా ఉంది వదినా. తెలుసుకోవాలి."

"నాకు భయం లేదు. తెలిసింది తెలిసినట్టు, ఆ రోజు నవ్వినవాళ్ళందరి ముందూ చెప్తావా? పురుగు నాదైతే నాదని కూడా?"

"చెప్తాను."

అన్నమ్మ లోపలికి వెళ్ళి ఒక పిడికెడు తెచ్చి గ్లాసులో పోసింది.

గ్లాసుల మీద సింధు పేర్లు రాయనివ్వలేదు. అంకెలు వేయించింది. ఏ అంకె ఏ ఇల్లో రాసిన కాగితం దేవకుమారి దగ్గరే ఉండాలంది. "పేరు తెలిస్తే నా చెవి పేరునే వింటుందత్తా." ఒక్కో గ్లాసూ అయిదు నిమిషాలు, మొత్తం మూడు గంటల పది నిమిషాలు. గురువారం మధ్యాహ్నం కూర్చుంటే వాటర్ క్యాన్ల ఆటో మైకుతో రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ ఆ గ్లాసు మళ్ళీ మొదటి నుంచి విన్నారు. పదకొండో గ్లాసులో గట్టిగా టకటక వినిపించి సింధు నిటారుగా కూర్చుంది. గ్లాసు ఎత్తి చూస్తే కింద గండుచీమ. దాన్ని తీసేశాక పదకొండూ నిశ్శబ్దమే. ముప్ఫై ఎనిమిదీ నిశ్శబ్దమే.

"అయితే ఎవరిదీ కాదా?" అంది దేవకుమారి.

"ఇప్పుడే అనకూడదు. గుడ్డు తినదు, కాబట్టి చప్పుడు చెయ్యదు. బాపట్ల తీసుకెళ్ళి ముప్ఫై డిగ్రీల వేడిలో పదిహేను రోజులు ఉంచుతాను. గుడ్లుంటే పిల్లలవుతాయి. అప్పుడు మళ్ళీ విందాం, నువ్వు రా."

గ్లాసులకు గుడ్డలు కట్టి, డ్రమ్ము అడుగు నుంచి తీసిన అరకిలో బియ్యాన్ని వేరే సీసాలో పోసి సింధు పట్టుకెళ్ళింది. మే ముప్ఫైన, శుక్రవారం, దేవకుమారి బాపట్ల వెళ్ళింది. పరిశోధనశాలలో ఒక చెక్కపెట్టె లోపల ఇంకొక పెట్టె, రెంటి మధ్య స్పాంజి, మొత్తం ఇసుక పోసిన తొట్టి మీద. బయట లారీ వెళ్ళినా లోపలికి చేరదు. ముప్ఫై ఎనిమిది గ్లాసులూ ఒక్కొక్కటిగా అందులోకి వెళ్ళి వచ్చాయి. మధ్యాహ్నం మూడు దాటింది. ఒక్కదానిలోనూ ఏమీ లేదు. దేవకుమారి కాగితం విప్పి ఇరవై తొమ్మిదో అంకె ఎదుట ఉన్న పేరు చూసింది. అన్నమ్మ. మడిచి కొంగున కట్టుకుంది.

సింధు ఆ తరువాత సీసాలోంచి ఒక్క గింజను పట్టకారుతో తీసింది. అయిదున్నర మిల్లీమీటర్ల గింజ. భూతద్దం కింద దేవకుమారికి దాని మీద ఏ మచ్చా కనపడలేదు. ఆ గింజను లోహపు చక్రం మీద తేనెమైనంతో అంటించి, పెట్టె మూసి, హెడ్‌ఫోన్స్ ఇచ్చింది.

డ్రమ్ములో విన్నది ఊరు. ఇది ఒక్క ప్రాణి. ఆరేడు కొరుకులు వరసగా, ఒక విరామం, మళ్ళీ కొరుకులు. తొందర లేదు. ఆపేదీ లేదు. బియ్యపు గింజంత చీకట్లో, తల్లిని చూడనిది, వెలుతురు చూడనిది, తన గోడలను తానే తింటూ తనకు చోటు చేసుకుంటోంది.

"ఆగినప్పుడు ఏం చేస్తుందే?" అని దేవకుమారి గుసగుసగా అడిగింది, అది వింటుందేమో అన్నట్టు.

"తెలీదత్తా. పక్కకు తిరుగుతుందని కొందరంటారు. చూసినవాళ్ళు లేరు."

దేవకుమారి పదకొండు నిమిషాలు విన్నది. సింధు గడియారం చూసుకుంది కాబట్టి ఆ అంకె తెలుస్తోంది. తీశాక ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. ఎందుకని సింధు అడగలేదు. అడగవలసినది వేరే ఉంది.

"అత్తా, డ్రమ్ము చివరిసారి పూర్తిగా ఎప్పుడు ఖాళీ చేశారు?"

"నెలనెలా ఎండబోస్తున్నానుగా."

"పూర్తిగా?"

"అడుగున నాలుగు వేళ్ళ మందం ఉంచుతాం. అంతా తియ్యకూడదు. డ్రమ్ము అడుగు కంటపడితే దీవెన పోతుందని మా అత్తగారు..." అని ఆగిపోయింది.

"ఈ నెలేనా?"

"ఎప్పుడూ."

"ఎప్పుడూ అంటే?"

"తెనాలి నుంచి తెచ్చిన రోజు నుంచి."

సింధు కాగితం తీసుకుంది. నాలుగు వేళ్ళ మందం అంటే ఇంచుమించు పదకొండు కిలోలు. పురుగు మొదట ఎప్పుడు చేరిందో చెప్పలేం. మొదటి ఏడే చేరి ఉంటే, ఏడాదికి ఎనిమిది తరాలు అనుకున్నా, ఇరవై ఏడేళ్ళకు రెండొందల పదహారు తరాలు. మనుషుల తరానికి పాతికేళ్ళ చొప్పున వేస్తే అయిదువేల నాలుగొందల ఏళ్ళు. దేవకుమారి ఆ అంకెను చాలాసేపు చూసింది. తాము పాటలు పాడుతున్న గోడకు అవతల, దీవెన పోకూడదని తాము ఆపి ఉంచిన ఆ కాసిని గింజల్లో, ఒక జాతి పుట్టి, పెరిగి, పిల్లలకు చోటిచ్చి పోతూనే ఉంది. ఒక్కరికీ వినపడలేదు.

"మరి పైనెందుకు కనపడ్డాయి? అన్నమ్మ వదిన బియ్యంలోనే?"

"ఈ పురుగుకు పైకెక్కే గుణం. బియ్యం కదిలిస్తే ఇంకా ఎక్కుతుంది. అందరి తరువాత పోసేది ఎవరు?"

"అన్నమ్మ వదినే," అంది దేవకుమారి. తిరుగు బస్సులో, చెరుకుపల్లి దాటాక ఎప్పుడో, "నేను మూత తీసి కాళ్ళు చూశాను, ఎక్కడినుంచి నడిచొచ్చాయో చూడలేదు," అని పక్క సీటులో ఉన్న ముక్కూ మొహం తెలియని ఆవిడతో అంది. ఆవిడ, "అవునండి," అని కిటికీ వైపు తిరిగింది.

జూన్ రెండున, సోమవారం, దేవకుమారీ ఆమె భర్త లాజరూ కలిసి డ్రమ్మును బోర్లించారు. ఇరవై ఏడేళ్ళలో మొదటిసారి. అడుగు గింజలు సగం పిండి. వాటిని బాతులకు పోశారు. మిగతా బియ్యాన్ని ఎండబోసి, చెరిగి, వారం లోపలే వండి ముగించారు. డ్రమ్మును మరిగే నీళ్ళతో కడిగి రోహిణి కార్తె ఎండలో మూడు రోజులు పడుకోబెట్టారు. లాజరు లోపల తల పెట్టి, "ఇందులో మొహం కనపడుతోంది, చూద్దువు రా," అని భార్యను పిలిచాడు. ఆమె వెళ్ళలేదు.

జూన్ ఎనిమిది పెంతెకొస్తు ఆదివారం. ముందురోజు దేవకుమారి కాలవ గట్టుకు వెళ్ళి, "రేపు చెప్తున్నాను, నువ్వు ఉండాలి," అని మాత్రం చెప్పి వచ్చింది. ఆరాధన అయ్యాక ఆడవాళ్ళు సంచులతో పక్కగదిలో నిండారు. అన్నమ్మ గుమ్మం బయట నిలబడింది, లోపలికి రాలేదు.

దేవకుమారికి నలుగురిలో మాట్లాడే అలవాటు లేదు. డ్రమ్ము అంచు పట్టుకుని చెప్పింది. "ఇంటింటి బియ్యమూ రెండుసార్లు విన్నాం. ఎవరింట్లోనూ పురుగు లేదు. అన్నమ్మ వదినది ఇరవై తొమ్మిదో గ్లాసు. దాన్లోనూ లేదు. పురుగున్నది నేను అడుగున ఉంచిన బియ్యంలో. అది మా అత్తగారి అలవాటని చెప్పుకోను. ఇరవై మూడేళ్ళు ఉంచింది నేను. స్టోరు బియ్యం మా ఇంట్లోనూ వండుతాం. ఆ రోజు ఆ మాట అనకుండా ఊరుకున్నదీ నేనే."

ముందుగా గొంతు సవరించుకున్నది జ్యోత్స్న. "మేమూ తెస్తాం అక్కా, స్టోరు బియ్యం. కలిపి పోస్తాం." తరువాత గుమ్మం వైపు తిరిగి, కాస్త చిన్న గొంతుతో, "పిన్నీ, లోపలికి రా. ఎండలో ఎందుకు?" అంది.

"నేను వినాలి," అంది అన్నమ్మ.

బాపట్ల నుంచి వచ్చిన సింధు ఆమె గ్లాసు తెచ్చే ఉంచింది. గ్లాసుల కోసం వాడే చిన్న కడ్డీని అందులో దించి, హెడ్‌ఫోన్స్‌ను అన్నమ్మ తలకు సరిచేసింది. ఫ్యాను ఆపారు. ముప్ఫై ఏడు ఇళ్ళ ఆడవాళ్ళు అయిదు నిమిషాలు ఊపిరి బిగబట్టి, కళ్ళు మూసుకున్న ఆమె మొహాన్నే చూశారు.

"ఏం వినపడట్లేదు," అంది అన్నమ్మ చివరికి.

"అదే వదినా నీ బియ్యం."

అన్నమ్మ కళ్ళు తెరవలేదు. మరికొంతసేపు అలాగే విన్నది, ఏమీ లేకపోవడాన్ని. తరువాత హెడ్‌ఫోన్స్ తీసి ఇచ్చి, బయటికి వెళ్ళి, గోడవారన పెట్టిన సంచి తెచ్చింది. వారం బియ్యం సంచి కాదది. రెండు చేతులతో ఎత్తింది.

"ఇదేంటి వదినా?"

"తేవద్దన్నారు. తియ్యొద్దని ఎవరూ అనలేదుగా. రోజుకొకటి. యాభై ఆరు పిడికిళ్ళు. ఒకటి నీ గ్లాసులోకి పోయింది, యాభై అయిదు."

వరస పక్కకు జరిగింది. చివర నిలబడే మనిషికి దారి ఇచ్చింది. అన్నమ్మ డ్రమ్ము దగ్గరికి వచ్చి లోపలికి చూసింది. అడుగున రేకు మెరుస్తోంది.

"మొదటిదాన్ని నేనైతే, నావే అడుగున పడతాయి. మళ్ళీ పురుగొస్తే?"

"నెలాఖరుకు ఒక్క గింజ ఉండనివ్వను. నువ్వే వచ్చి చూద్దువుగాని."

"వస్తా," అంది అన్నమ్మ, సంచి మూతి విప్పుతూ. "చూడకుండా నమ్మను."

ఆమె పోసింది. వట్టి రేకు మీద బియ్యం పడ్డ చప్పుడు ఆ గదిలో ఉన్న ఎవరూ అంతకు ముందు విని ఉండలేదు. గట్టిగా మొదలై, గింజ మీద గింజ పడేకొద్దీ మెత్తబడి, ఆగిపోయింది.